కరెంటు పోతే సర్వర్ తనంతట తానే ఆగి, వస్తే తనంతట తానే లేవాలంటే ఏం చేయాలి?

బొబ్బిలి నుంచి రాసిన మిత్రుల ప్రశ్నను ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. వారిది రక్తపరీక్షల ల్యాబ్. రోగుల నమోదు, రిపోర్టులు, బిల్లులు అన్నీ ఒక లినక్స్ సర్వర్‌లో, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉన్నాయి. స్కాన్ చిత్రాలు పక్కనే ఉన్న చిన్న నాస్ పెట్టెలో, అంటే నెట్‌వర్క్ మీదుగా ఫైళ్లు దాచే యంత్రంలో, భద్రమవుతాయి. 2 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ ఉంది, అందులో 12 వోల్టుల 7 ఏహెచ్ (ఆంపియర్-అవర్) బ్యాటరీలు ఆరు ఉన్నాయి, జనరేటర్ లేదు. పోయిన వారం ఒక రాత్రి కరెంటు పోయింది, ల్యాబ్‌లో ఎవరూ లేరు, బ్యాటరీ పూర్తిగా దిగిపోయి సర్వర్ ఒక్కసారిగా ఆగిపోయింది. తెల్లవారి డేటాబేస్ తెరుచుకోలేదు. పాత బ్యాకప్ ఎక్కించుకోవలసి వచ్చి, ఒక పూట నమోదులు పోయాయి. వారు అడిగినవి రెండు: కరెంటు పోయిన ఎన్ని నిమిషాలకు సర్వర్‌ను ఆపాలి? తిరిగి కరెంటు వచ్చాక ఎవరూ వెళ్లి బటన్ నొక్కకుండా అది లేస్తుందా?

నేరుగా చెబుతాను. కరెంటు పోయి ఐదు నిమిషాలు దాటితే సర్వర్‌ను క్రమపద్ధతిలో ఆపేయండి. సర్వర్ ఆగిన వెంటనే యూపీఎస్ తన ఔట్‌పుట్‌ను తానే కత్తిరించుకోవాలి, ఆలోగా కరెంటు తిరిగి వచ్చినా సరే కత్తిరించుకోవాలి. ఆ తరువాత కనీసం మూడు నిమిషాలు ఆగి, కరెంటు ఉంటే అది మళ్లీ ఔట్‌పుట్ ఇవ్వాలి. సర్వర్ బయోస్‌లో, అంటే బోర్డులోనే ఉండే ప్రాథమిక అమరికల్లో, కరెంటు అందగానే లేచే అమరిక ఉండాలి. ఈ నాలుగూ ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. చాలామంది మొదటిది మాత్రమే చేసి పని అయిపోయిందనుకుంటారు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పద్దెనిమిదేళ్లుగా ఆసుపత్రులు, కళాశాలలు, చిన్న పరిశ్రమల సర్వర్లు చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను: సర్వర్‌ను ఆపడం సులువు, మనిషి లేకుండా దానిని తిరిగి లేపడమే అసలు పని.

ఐదు నిమిషాలే ఎందుకు, బ్యాటరీ ముప్పై శాతానికి వచ్చినప్పుడు ఆపితే చాలదా అని మీకు అనిపించవచ్చు. మీ బ్యాటరీల లెక్క చూడండి. ఆరు బ్యాటరీలు వరుసగా కలిపితే 72 వోల్టులు, దానిని 7 ఏహెచ్‌తో గుణిస్తే 504 వాట్-అవర్లు. సర్వర్, నాస్, వాటిని కలిపే నెట్‌వర్క్ స్విచ్ కలిసి 350 వాట్లు తీసుకుంటాయనుకుంటే, యూపీఎస్ లోపల పోయే నష్టంతో కలిపి బ్యాటరీ మీద దాదాపు 400 వాట్ల భారం పడుతుంది. కాగితం మీద చూస్తే గంటకు పైగా రావాలి. కాని ఆ 7 ఏహెచ్ అన్నది ఇరవై గంటల పాటు నెమ్మదిగా వాడుకున్నప్పుడు దొరికే కొలత. గంటలోపు పిండుకుంటే అందులో సుమారు అరవై శాతమే చేతికి వస్తుంది. అంటే కొత్త బ్యాటరీలతోనే ముప్పావు గంట. మూడేళ్లు గడిచాక అందులో సగం మిగిలితే సంతోషించాలి. సీసపు బ్యాటరీ ఆయుష్షును 25 డిగ్రీల వేడి దగ్గర లెక్కగడతారు. ఆ పైన సుమారు పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆయుష్షు సగానికి పడిపోతుంది. ఏసీ లేని గదిలో, మే నెలలో, గోడకు ఆనించి పెట్టిన యూపీఎస్ లోపల ఎంత వేడి ఉంటుందో చేయి పెట్టి చూస్తే తెలుస్తుంది.

ఇంకా ముఖ్యమైన విషయం, యూపీఎస్ తెర మీద కనిపించే శాతం చాలా మోడళ్లలో ఒక అంచనా మాత్రమే. వోల్టేజీని బట్టి, భారాన్ని బట్టి అది లెక్కగట్టి చూపుతుంది. బ్యాటరీ ముదిరాక ఆ లెక్క తప్పుతుంది. విజయనగరంలో ఒక కళాశాలలో నా కళ్లెదుటే జరిగింది. తెర మీద 42 శాతం ఉంది. నేను బ్యాటరీ తీగల దగ్గర మీటర్ పెట్టి చూస్తున్నాను. వోల్టేజీ పదకొండు నిమిషాల పాటు చాలా నెమ్మదిగా దిగి, ఆ తరువాత అర నిమిషంలో కొండ మీద నుంచి జారినట్లు పడిపోయింది. బ్యాటరీ అయిపోతున్నదన్న హెచ్చరిక కూత, యూపీఎస్ ఆగిపోవడం దాదాపు ఒకేసారి జరిగాయి. ఆ ఆరింటిలో ఒక్క బ్యాటరీ పాడైంది, మిగిలిన ఐదు బాగానే ఉన్నాయి. వరుసగా కలిపిన బ్యాటరీల్లో ఒకటి చచ్చుబడితే అందరినీ వెనక్కి లాగుతుంది. అందుకే శాతాన్ని గాని, హెచ్చరికను గాని నమ్ముకోకుండా గడియారాన్ని నమ్ముకోమంటాను. హెచ్చరికను రెండో కాపుగా అలాగే ఉంచండి. ఐదు నిమిషాల లోపే హెచ్చరిక వచ్చిందంటే బ్యాటరీలు మార్చే వేళ దాటిపోయిందని అర్థం. అప్పుడు కూడా సర్వర్ వెంటనే ఆగాలి.

ఐదు అన్న అంకెకు నా దగ్గర ఉన్న ఆధారం మన ప్రాంతపు కరెంటు తీరు. లైన్ మీద కొమ్మ తగిలి, ట్రిప్ అయి, మళ్లీ వేసేది సాధారణంగా ఒకటి రెండు నిమిషాల్లో తేలిపోతుంది. ఐదు నిమిషాలు దాటిందంటే లైన్‌మన్ బయలుదేరి వెళ్లవలసిన పని పడిందని నేను లెక్కవేసుకుంటాను. అది గంట కావచ్చు, రాత్రంతా కావచ్చు. ఆరో నిమిషంలో ఆపినా, ముప్పయ్యో నిమిషంలో ఆపినా రాత్రివేళ ల్యాబ్‌కు ఒరిగేది ఏమీ ఉండదు. బ్యాటరీలో మిగిలిన నిల్వ మాత్రం, కరెంటు వచ్చి మళ్లీ పోయినప్పుడు ఎంతో పనికొస్తుంది. పగలు రోగులు వరుసలో ఉన్నప్పుడు పది నిమిషాలు ఆగుదామంటే, బ్యాటరీలు కొత్తవైతే ఆగండి. అంతకు మించి వద్దు.

ఇక మీ సర్వర్ ఆగడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? గడియారం చేతబట్టి ఒకసారి కొలవండి. లినక్స్‌లో ఏదైనా సర్వీస్ మొండికేస్తే, సర్వీసులను నడిపే, ఆపే సిస్టమ్‌డీ సాధారణంగా 90 సెకన్ల వరకు ఎదురుచూసి అప్పుడు బలవంతంగా ఆపుతుంది. అలాంటివి రెండు మూడు ఒకదాని వెనుక ఒకటి ఉంటే నాలుగైదు నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. విండోస్ సర్వర్లు వాడేవారికి మరో ప్రమాదం ఉంది. అప్‌డేట్లు దిగి, రీస్టార్ట్ కోసం కాచుకొని ఉన్న సమయంలో కరెంటు పోతే, షట్‌డౌన్ ఆజ్ఞ అందగానే ఆ అప్‌డేట్లు ఎక్కడం మొదలవుతుంది. రాజాంలో ఒక కార్యాలయంలో అలా ఇరవై నిమిషాలకు పైగా సాగి, అప్‌డేట్ నడిమధ్యలో బ్యాటరీ అయిపోయింది. ఆ సర్వర్‌ను మొదటినుంచి కట్టుకోవలసి వచ్చింది. అప్‌డేట్లను దింపుకోవడం, ఎక్కించడం రెండూ మీరు ఎంచుకున్న రోజున, మీ ఎదుటే జరిగేలా అమర్చుకోండి.

మీ డేటాబేస్ తెరుచుకోకపోవడం గురించి ఒక మాట. పోస్ట్‌గ్రెస్ హఠాత్తుగా ఆగినా, తాను ముందుగా రాసుకున్న చిట్టా చూసుకొని తేరుకునేలా కట్టినది. మామూలుగా అది చెడిపోకూడదు. చెడిందంటే నేను మొదట అనుమానించేవి రెండు. డేటాను నిజంగా డిస్క్ మీదకు చేర్చేదాకా ఆగే ‘ఎఫ్‌సింక్’ అమరికను, వేగం కోసం సాఫ్ట్‌వేర్ ఇచ్చినవారు తీసేసి ఉండవచ్చు. లేదా డిస్క్ తన తాత్కాలిక మెమరీలో ఉంచుకున్న దానినే రాసేశానని చెప్పి ఉండవచ్చు. మొదటిది ఈ రోజే చూడండి, ఆపి ఉంటే తిరిగి పెట్టండి. రెండోదానికి, కరెంటు పోయినా లోపలి కెపాసిటర్లతో రాత పూర్తిచేసే సర్వర్ తరగతి ఎస్‌ఎస్‌డీ తీసుకోవడమే మందు. యూపీఎస్ ఎంత మంచిదైనా దాని ఫ్యూజు పోవచ్చు, దాని ప్లగ్గును ఊడ్చేవారు లాగేయవచ్చు. అందుచేత డేటాబేస్ తన కాళ్ల మీద తాను నిలబడగలిగి ఉండాలి.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమకు నేను తొలిసారి ఈ ఏర్పాటు చేసినప్పుడు, కరెంటు పోతే సర్వర్ ఆగేలా అమర్చాను, బయోస్‌లో కరెంటు రాగానే లేచేలా పెట్టాను, రెండుసార్లు పరీక్షించి వచ్చాను. నెల తరువాత ఒక తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. గేటు ముందు రెండు లారీలు సరుకు ఎత్తుకోవడానికి నిలబడి ఉన్నాయి, బిల్లు రావడం లేదు. నేను వెళ్లి చూస్తే యూపీఎస్ మీద పచ్చదీపం నిశ్చలంగా వెలుగుతోంది, స్విచ్ దీపాలు మిణుకుమంటున్నాయి, సర్వర్ బటన్ దగ్గర మాత్రం కాషాయరంగు చుక్క. సర్వర్‌కు కరెంటు అందుతూనే ఉంది, కాని అది నిద్రలో ఉంది. చిట్టాలు తీసి చూస్తే జరిగిందిది: రాత్రి 2 గంటలు దాటాక కరెంటు పోయింది. ఐదు నిమిషాలకు షట్‌డౌన్ మొదలైంది. అది పూర్తి కాకముందే, నలభై సెకన్లలో కరెంటు తిరిగి వచ్చింది. మొదలైన షట్‌డౌన్ ఆగదు కనుక సర్వర్ ఆగిపోయింది. యూపీఎస్ ఔట్‌పుట్ మాత్రం ఒక్క క్షణం కూడా ఆగలేదు. కరెంటు పోయి వచ్చిన సంగతి సర్వర్‌కు తెలిస్తేనే కదా బయోస్ దానిని లేపేది? దాని దృష్టిలో కరెంటు పోనే లేదు. తెల్లవారేదాకా అది అలాగే పడి ఉంది.

నేను చేసిన రెండు పరీక్షల్లోనూ కరెంటును చాలాసేపు తీసి ఉంచాను, బ్యాటరీ దిగి యూపీఎస్ తానే ఆగింది, అందుకే అన్నీ సవ్యంగా కనిపించాయి. కరెంటు మధ్యలో రావడమనే సందర్భాన్ని నేను పరీక్షించనే లేదు. అది నా తప్పు. ఆ రోజు నుంచి నేను పెట్టుకున్న నియమం ఒకటే: షట్‌డౌన్ ఒకసారి మొదలైతే, చక్రం పూర్తిగా తిరగాలి. సర్వర్ ఆగాలి, యూపీఎస్ ఔట్‌పుట్ పోవాలి, కొంత విరామం తరువాత ఔట్‌పుట్ రావాలి, సర్వర్ లేవాలి. కరెంటు మధ్యలో వచ్చిందని ఏ మెట్టునూ దాటవేయకూడదు.

దీనికి లినక్స్‌లో నేను వాడేది నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్; అందరూ ‘నట్’ అంటారు. ఉచితం, చాలా రకాల యూపీఎస్‌లతో మాట్లాడగలదు. మన బజారులో దొరికే చాలా యూపీఎస్‌లు మెగాటెక్ అనే పాత, సరళమైన భాషను అర్థం చేసుకుంటాయి. వాటితో మాట్లాడటానికి నట్‌లో క్యూఎక్స్ అనే డ్రైవర్ ఉంది. పెద్ద కంపెనీల యూఎస్‌బీ యూపీఎస్‌లకు హెచ్‌ఐడీ డ్రైవర్ సరిపోతుంది. నట్‌లో ఐదు నిమిషాల గడియారాన్ని దాని షెడ్యూలర్‌లో పెట్టాలి: బ్యాటరీ మీదకు వెళ్లగానే గడియారం మొదలు, కరెంటు వస్తే గడియారం రద్దు, ఐదు నిమిషాలు నిండితే బలవంతపు షట్‌డౌన్. అప్పుడు నట్ డిస్క్ మీద ఒక గుర్తు ఫైల్ పెట్టి సర్వర్‌ను ఆపడం మొదలుపెడుతుంది. ఫైల్ వ్యవస్థలన్నీ మూతపడ్డాక, చిట్టచివరి క్షణంలో, ఆ గుర్తు ఉన్నదా అని చూసి, ఉంటే యూపీఎస్‌కు ‘ఔట్‌పుట్ ఆపి, మళ్లీ రా’ అన్న ఆజ్ఞ పంపుతుంది. ఈ ఆఖరి ఆజ్ఞే పలాసలో నేను వదిలేసినది.

ఆ ఆజ్ఞలో రెండు వ్యవధులు ఉంటాయి. ఆజ్ఞ అందిన ఎన్ని సెకన్లకు ఔట్‌పుట్ కత్తిరించాలన్నది ఒకటి, ఎంతసేపటికి తిరిగి ఇవ్వాలన్నది రెండోది. క్యూఎక్స్ డ్రైవర్‌లో మీరు ఏమీ రాయకపోతే ఇవి 30 సెకన్లు, 180 సెకన్లు. హెచ్‌ఐడీ డ్రైవర్‌లో 20, 30. రెండో అంకె మొదటిదానికంటే ఎప్పుడూ పెద్దదిగా ఉండాలి. హెచ్‌ఐడీ వాడేవారు ఆ పది సెకన్ల తేడాతో తృప్తిపడకుండా రెండో అంకెను 180కి పెంచమని నా సలహా. సర్వర్ పవర్ సప్లైలో నిలిచిన కరెంటు పూర్తిగా ఇంకిపోయి, అది నిజంగా ఆగి లేచినట్లు గుర్తించడానికి వ్యవధి కావాలి.

బయోస్ అమరికలో ఒక ఉచ్చు ఉంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు ఏం చేయాలన్న చోట సాధారణంగా మూడు ఎంపికలు ఉంటాయి: ఆగి ఉండు, వెనుకటి స్థితికి వెళ్లు, లేచి నిలబడు. చాలామంది రెండోది ఎంచుకుంటారు, చూడటానికి అదే తెలివైనదిగా కనిపిస్తుంది. కాని మన సర్వర్ క్రమపద్ధతిలో ఆగింది కాబట్టి దాని వెనుకటి స్థితి ‘ఆగి ఉండటం’. కరెంటు వచ్చినా అది అలాగే ఉండిపోతుంది. ఎంత జాగ్రత్తగా ఆపితే అంత కచ్చితంగా లేవదు. కనుక మూడోదే పెట్టండి. కొన్ని సర్వర్ బోర్డుల్లో లేచే ముందు ఒకటి రెండు నిమిషాలు ఆగే అమరిక కూడా ఉంటుంది, ఉంటే వాడుకోండి.

మీ నాస్ పెట్టె సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ జరిగే పొరపాటు పైకి కనపడదు. యూఎస్‌బీ తీగ సర్వర్‌కు ఉంటుంది, నాస్‌కు కబురు నెట్‌వర్క్ మీద వెళ్లాలి. అంటే మధ్యలో ఉన్న స్విచ్ కూడా యూపీఎస్ మీదే ఉండాలి. ఒకచోట స్విచ్‌ను గోడ సాకెట్‌కు తగిలించారు. కరెంటు పోగానే స్విచ్ పోయింది, రెండో యంత్రానికి అసలు కబురే అందలేదు, చివరికి యూపీఎస్ ఔట్‌పుట్ కత్తిరించినప్పుడు అది నడుస్తూ నడుస్తూ ఆగిపోయింది. ఇది తేలికగా పట్టుబడే పొరపాటు. పట్టుబడనిది వేరొకటి ఉంది. నట్‌లో ప్రధాన యంత్రం, తనమీద ఆధారపడిన యంత్రాలు వైదొలగేదాకా ఎదురుచూస్తుంది. ఆ గడువు మామూలుగా 15 సెకన్లు. ఇక్కడ ‘వైదొలగడం’ అంటే ఆ యంత్రం షట్‌డౌన్ మొదలుపెట్టి సెలవు తీసుకోవడమే గాని, పూర్తిగా ఆగిపోవడం కాదు. మీ నాస్ ఆగడానికి నాలుగు నిమిషాలు, సర్వర్‌కు ఒక నిమిషం పడుతుందనుకోండి. సర్వర్ ముందుగా ఆగి, యూపీఎస్‌ను కత్తిరించమంటుంది, నాస్ అప్పటికి సగంలో ఉంటుంది. కాబట్టి రెండింటినీ విడివిడిగా కొలిచి, నెమ్మదిగా ఆగేదానికి పట్టే సమయం కంటే ఎక్కువ వ్యవధి దాటాకే ఔట్‌పుట్ పోయేలా ఆ మొదటి అంకెను పెంచండి. మీ కేసులో 30 సెకన్లు చాలకపోవచ్చు. 300 పెట్టి, దానికి తగ్గట్టు రెండో అంకెను 480కి పెంచమంటాను. ఐదు నిమిషాలకే షట్‌డౌన్ మొదలుపెట్టమనడంలో ఉన్న ఉపయోగం ఇక్కడ కూడా కనిపిస్తుంది. బ్యాటరీలో అంత నిల్వ మిగిలి ఉంటుంది.

తిరిగి లేవడం గురించి. మన ఊళ్లలో పెద్ద కోత తరువాత కరెంటు ఒక్కసారే వచ్చి నిలిచిపోదు. లైన్ ఛార్జ్ చేస్తారు, ట్రిప్ అవుతుంది, మళ్లీ చేస్తారు. రెండు మూడు సార్లు అలా జరిగాక నిలుస్తుంది. ఖాళీ అయిన బ్యాటరీతో సర్వర్ మొదటి రాకకే లేచిందంటే, డేటాబేస్ తేరుకుంటున్న క్షణంలో కరెంటు మళ్లీ పోతుంది, ఈసారి ఆపడానికి కూడా బ్యాటరీ ఉండదు. మిగతా ఏ సమయంలో కంటే లేచే సమయంలోనే సర్వర్ బలహీనంగా ఉంటుంది. కొన్ని యూపీఎస్‌లలో ‘బ్యాటరీ ఇంత శాతం నిండాకే ఔట్‌పుట్ ఇవ్వు’ అన్న అమరిక ఉంటుంది. మీదానిలో ఉంటే ముప్పై దగ్గర పెట్టండి. శాతాన్ని నమ్మవద్దని పైన చెప్పిన నేనే ఇక్కడ శాతం పెట్టమంటున్నానని అనుకోవద్దు. ఛార్జ్ అవుతున్నప్పుడు ఆ అంకెలో తప్పున్నా జరిగే నష్టం సర్వర్ కాస్త ముందో వెనుకో లేవడమే. లేని యూపీఎస్‌లలో తిరిగి వచ్చే వ్యవధిని పెంచుకోవడం ఒక్కటే దారి. ఐదు నిమిషాలకే ఆపినందువల్ల సగం పైగా నిల్వ మిగిలి ఉంటే ఈ బెంగ చాలావరకు తీరుతుంది.

లేచే వరుస కూడా చూసుకోండి. నాస్ లేవకముందే సర్వర్ లేచి, దాని ఫోల్డర్ దొరకక ఖాళీ డైరెక్టరీలోకి స్కాన్ చిత్రాలు రాసిన సంఘటన నాకు తెలుసు. నాస్ కనెక్ట్ అయితేనే మీ సాఫ్ట్‌వేర్ మొదలయ్యేలా సిస్టమ్‌డీలో షరతు రాసి ఉంచండి.

అన్ని యూపీఎస్‌లూ ఔట్‌పుట్ ఆపి తిరిగి ఇవ్వలేవు. కొన్ని ఆపుతాయి గాని, కరెంటు అప్పటికే ఉంటే తిరిగి రావు; కొన్ని ఆజ్ఞను అంగీకరించినట్లే ఉండి ఏమీ చేయవు. అలాంటిది మీకు తగిలితే యూపీఎస్‌ను పారేయనక్కరలేదు. ఒక రాస్‌ప్‌బెర్రీ పై బోర్డును తీసుకొని, యూఎస్‌బీ తీగను దానికి తగిలించండి. దానికి పవర్ బటన్ నొక్కే పని లేదు, కరెంటు అందగానే లేస్తుంది. కరెంటు వచ్చి పది నిమిషాలు నిలకడగా ఉన్నదని చూసుకొని, నెట్‌వర్క్ మీదుగా సర్వర్‌కు ‘మేలుకో’ అన్న వేక్-ఆన్-ల్యాన్ సందేశం పంపేలా చిన్న స్క్రిప్టు రాస్తే చాలు. సర్వర్ అప్పటికే మేలుకొని ఉంటే ఆ సందేశం వల్ల హాని లేదు. ఆ బోర్డులోని మెమరీ కార్డు హఠాత్తుగా కరెంటు పోవడాన్ని తట్టుకోలేదు కాబట్టి, దాని ఫైల్ వ్యవస్థను చదవడానికి మాత్రమే వీలయ్యేలా పెట్టండి.

పరీక్ష ఎలా చేయాలో చెబుతాను. మొదటి పరీక్ష సర్వర్‌తో చేయవద్దు. పాత వంద వాట్ల ఫిలమెంటు బల్బును ఒక హోల్డర్‌లో పెట్టి యూపీఎస్ ఔట్‌పుట్‌కు తగిలించండి, సర్వర్‌ను ఆ సమయానికి గోడ సాకెట్ మీద నడపండి. గోడ కరెంటు ఉండగానే, యూపీఎస్‌కు ఔట్‌పుట్ ఆపే ఆజ్ఞ పంపి, బల్బును చూస్తూ కూర్చోండి. మీరు పెట్టిన వ్యవధికి బల్బు ఆరాలి. ఆ తరువాత చెప్పిన సమయానికి వెలగాలి. ఎన్నో సెకనుకు ఆరింది, ఎన్నో సెకనుకు వెలిగింది అన్నది కాగితం మీద రాసుకోండి. ఆరకపోయినా, ఆరి వెలగకపోయినా మీ యూపీఎస్ స్వభావం అక్కడే తెలిసిపోయింది. తరువాత యూపీఎస్‌కు వచ్చే గోడ కరెంటు మాత్రం తీసి ఇదే పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి కరెంటు ఇచ్చేదాకా బల్బు వెలగకూడదు, ఇచ్చాక వెలగాలి. ఇవి రెండూ నెగ్గాకే సర్వర్‌ను తిరిగి యూపీఎస్ మీదకు తెచ్చి, ఒక ఆదివారం, బ్యాకప్ తీసుకున్నాక, అసలు పరీక్ష చేయండి: కరెంటు తీసి, షట్‌డౌన్ మొదలైన అర నిమిషానికి తిరిగి ఇవ్వండి. పలాసలో నేను చేయని పరీక్ష ఇదే. కరెంటు తీసేటప్పుడు ప్లగ్గు లాగవద్దు, గోడ మీది స్విచ్ ఆపండి. ప్లగ్గు లాగితే ఎర్తింగ్ కూడా తెగిపోతుంది. మూడు నెలలకొకసారి ఇది చేస్తే బ్యాటరీల ముసలితనం కూడా ముందుగానే బయటపడుతుంది.

మన తీరంలో ఉన్నవారికి తుఫాను గురించి చెప్పకుండా ఈ సమాధానం పూర్తికాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు, ఎన్నో ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు. ఇటువంటి రోజులకు ఆటోమేటిక్ ఏర్పాటు చాలదు. తిత్లీకి ముందురోజు సాయంత్రం నేను ఉద్దానం వైపున్న ముగ్గురికి ఫోన్ చేసి, సర్వర్లు చేత్తో ఆపి, యూపీఎస్‌ను కూడా ఆపి, గోడ నుంచి ప్లగ్గు తీసి, నేల మీద ఉన్నవాటిని బల్లల మీదకు ఎక్కించమన్నాను. ఇద్దరు అలాగే చేశారు. వారి బ్యాటరీలు నిండుగా ఉండి, కరెంటు వచ్చాక మామూలుగా పనిచేశాయి. మూడోవారు ఆటోమేటిక్ ఉన్నదని వదిలేశారు. సర్వర్ సరిగ్గానే ఆగింది, డేటాకు ఏమీ కాలేదు. కాని ఔట్‌పుట్ కత్తిరించుకోని ఆ యూపీఎస్ మీద నెట్‌వర్క్ స్విచ్, రౌటర్ మిగిలి, బ్యాటరీలను అడుగంటా తాగేశాయి. ఖాళీ అయిన సీసపు బ్యాటరీని రోజుల తరబడి అలాగే వదిలేస్తే లోపలి పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. కరెంటు తిరిగి వచ్చాక ఆ సెట్టు మొత్తం ఛార్జ్ తీసుకోలేదు, కొత్తవి కొనవలసి వచ్చింది. కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే, తీరం దాటడానికి కనీసం ఆరు గంటల ముందే, బ్యాటరీ నిండుగా ఉండగానే అన్నీ ఆపేయండి. బ్యాకప్ డిస్క్‌ను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంటికి తీసుకెళ్లండి.

జనరేటర్ మీకు లేదన్నారు గాని, అద్దెకు తెచ్చుకునే రోజు రావచ్చు. చిన్న జనరేటర్ల ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా ఉండదు. యూపీఎస్ దానిని ఒప్పుకోక మాటిమాటికీ బ్యాటరీ మీదకు వెళ్లిపోతూ, మన ఐదు నిమిషాల గడియారాన్ని పదేపదే మొదలుపెడుతూ రద్దు చేస్తూ ఉంటుంది. యూపీఎస్ సామర్థ్యానికి రెండు మూడు రెట్లు పెద్దది తీసుకుంటే ఈ తిప్పలు తగ్గుతాయి. ఇంటి ఇన్వర్టర్ పెట్టుకొని సర్వర్ నడుపుదామా అని కొందరు అడుగుతుంటారు. వద్దు. అది కరెంటు నుంచి బ్యాటరీకి మారే వ్యవధిని కొన్ని పవర్ సప్లైలు తట్టుకోలేవు, పైగా అది సర్వర్‌తో మాట్లాడదు, బ్యాటరీ ఎంత ఉందో చెప్పదు.

మీరు ఈ వారం చేయవలసిన పనుల వరుస నా దృష్టిలో ఇది: ముందు ఎఫ్‌సింక్ చూడండి, తరువాత సర్వర్, నాస్ రెండూ ఆగే సమయాన్ని కొలవండి, తరువాత బల్బు పరీక్ష. ఆ బల్బు ఎన్నో సెకనుకు ఆరింది, తిరిగి వెలిగిందా లేదా, యూపీఎస్ వెనుక యూఎస్‌బీ ఉన్నదా లేక పాత తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టు మాత్రమే ఉన్నదా, ఈ మూడూ రాయండి. వాటిని బట్టి మీ మోడల్‌కు ఏ డ్రైవర్ పెట్టాలో, ఆ రెండు అంకెలు ఎంత ఉండాలో కచ్చితంగా చెబుతాను.